మక్కకంకి పాట, రెండో చరణం

"ఆ పండ్ల మీద చెయ్యి పడ్డదా, ఊకునేది లేదు," అంది నిర్మలమ్మ వంటింట్లోంచి, ఇటు తిరగకుండానే.

శ్రీశైలం చేతిలో ద్రాక్షపండు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఒక్కటేనే."

"ఒక్కటైనా వాళ్ళదే. సంబంధం వద్దని పళ్ళాలు వాపస్ అడిగితే ఏం చెప్పాలె? మా ఆయన తిన్నడని చెప్పాల్నా?"

శ్రీశైలం ఆ పండును తెంపిన చోటే, తొడిమకు ఆనించి పెట్టాడు. అది నిలవలేదు. దొర్లి యాపిల్ కిందికి పోయింది.

హాలు మధ్యలో పళ్ళాలు నిశ్చితార్థం నాటి నుంచీ అట్లాగే ఉన్నాయి. అరటిపళ్ళు నల్లబడ్డాయి, బత్తాయిలు మెత్తబడ్డాయి, ఇల్లంతా పులిసిన తీపి వాసన. తినడానికి లేదు, పారెయ్యడానికి లేదు. హుజూర్‌నగర్ పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఔనంటే అవి పెళ్ళికూతురి పండ్లు, కాదంటే పరాయివాళ్ళ సొత్తు. వాళ్ళేమో ఔననీ కాదనీ చెప్పకుండా, వడ్డించిన విస్తళ్ళ ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. పెళ్ళికొడుకు తల్లి కోమల కారు అద్దం దించి "ఆలోచించి చెప్తం" అంది. ఆ తర్వాత ఫోన్ లేదు.

అంతా ఒక్క పాట వల్ల.

పాట పెట్టింది చిన్న కూతురు స్నిగ్ధ. అక్క సుచరిత తలపైన పట్టిన పూలచాదర్ కింద నడిచి వస్తుంటే అందరూ పెట్టే సినిమా పాట ఎందుకని, తనకు ప్రాణమైన నవనీత పాట పెట్టింది. నవనీత అంటే జడ్చర్లలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తూ, హాస్టల్ గదిలో ఒక్క గిటార్ పట్టుకుని, తన పాటలు తనే రాసుకుని తనే పాడి ఫోన్‌లో పెట్టే అమ్మాయి. పల్లవి అయ్యింది, మొదటి చరణం అయ్యింది, ఎవరికీ ఏమీ కాలేదు. రెండో చరణం అందుకునేసరికి ముందు సోఫాలో కూర్చున్న పెళ్ళికొడుకు నాయనమ్మ జానమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పెద్దగా శోకం ఎత్తుకుంది. శుభమా అని పూలు పెడుతుంటే ఏడుపేందని కోమల లేచింది. కోమల వెనకే అందరూ లేచారు.

"నాకైతే ఇప్పటికీ సమజైతలేదమ్మా," అంది స్నిగ్ధ. "అది మక్కకంకి పాట. ఒక పిల్ల కంకి కాల్చుకోని పిలగాని కోసం ఎదురుచూస్తది. గంతే. అందుల ఏడ్చేదేముంది?"

"ఏడిపిచ్చేటట్టు పాడితే ఏడ్వరా? డోలు లేదు, సన్నాయి లేదు, ఎవరో పొయ్యికాడ కూసోని మనసుల మాట చెప్పుకున్నట్టు."

"అదే కదా అమ్మా దాని అందం. మొదట్ల కుర్చీ కిర్రుమంటది, అది తీసెయ్యలే. పల్లవి అయినంక రైలు పోతది, నిజం రైలు, జడ్చర్ల రైలు, అది గూడ తీసెయ్యలే. చరణం మొదలువెట్టే ముందట ఆమె ఊపిరి పీల్చుకునేది వినపడతది. మన పక్కనే కూసున్నట్టు ఉంటది. ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకోని విను, నీకే తెలుస్తది."

"ఊపిరి ఇననీకి పాటెందుకే? మీ బాపు పక్కన పండుకుంటే తెల్లారేదాక ఇనొచ్చు."

ఎప్పుడైనా ఈ మాటకు శ్రీశైలం ఒక మాట తగిలించేవాడు. ఈ రోజు తలకాయ దించుకుని ఉప్మాలో పల్లీలు ఏరుకుంటున్నాడు. మోత్కూర్‌లో టెంట్ హౌస్ నడిపే మనిషి, మైకు లేకుండానే బజారంతా వినపడేటట్టు మాట్లాడే మనిషి, నిశ్చితార్థం రోజు నుంచీ నోరు విప్పడం లేదు. బిడ్డ సంబంధం గురించి రంది పెట్టుకున్నాడని అందరూ అనుకున్నారు.

సుచరిత కిటికీ దగ్గర ఫోన్ చూసుకుంటోంది.

"సైదులేమంటుండే?" అని పెళ్ళికొడుకు గురించి అడిగింది తల్లి.

"వాళ్ళమ్మను ఒప్పిస్తడట. ముందుగాల నన్ను అన్నం తినమంటుండు."

"పాపం. తను తిన్నడా మరి?"

"తిన్నడట. రెండుసార్లు పెట్టిచ్చుకున్నడట."

స్నిగ్ధకు నవ్వొచ్చింది కానీ అక్క ముఖం చూసి మింగేసింది. సుచరిత ఫోన్ బోర్లా పెట్టింది.

"అమ్మా, ఒక్క మాట చెప్తున్న. ఇంతకుముందు వచ్చినోళ్ళందరు నన్ను ప్రశ్నలడిగి జవాబు వినకుండనే పోయిండ్రు. ఈయన విన్నడు. నేను బళ్ళె పిల్లలకు గణితం చెప్పేది అంతసేపు చెప్తుంటే ఒక్కసారి గూడ ఫోన్ చూసుకోలే. నాకు గీ సంబంధమే కావాలె. ఇది పోతే స్నిగ్ధతోని నేను మాట్లాడ."

అంతలో శ్రీశైలం ఫోన్ మోగింది.

అతని చేతినిండా ఉప్మా. "ఎవరో చూడు బిడ్డా, స్పీకర్ల పెట్టు," అన్నాడు అలవాటుగా. స్నిగ్ధ పెట్టింది.

"శ్రీశైలమన్నా, మా పెద్దనాయిన కాలం జేసిండే. ఫ్రీజర్ పెట్టె, ఒక చిన్న టెంటు పంపియ్యాలె. మైకు గూడ."

"అట్లనా, పాపం. సరే సరే, నేను మళ్ళ చేస్త," అంటూ శ్రీశైలం మోచేత్తో ఫోన్ ఆపబోయాడు. ఆగలేదు.

"అన్నా, గా పాట మాత్రం మర్వకు. గదే, మక్కకంకి పాట. మా మేనత్త దినాలకు పెట్టినవ్ చూడు. అది లేకుంటే మా ఆడోళ్ళకు ఏడుపు అందుకుంటలేదు."

ఫోన్ దానంతట అదే ఆగింది. నిర్మలమ్మ గరిటెతో సహా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏం పాట?" అంది.

శ్రీశైలం పల్లీ ఒకటి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలాడు.

"స్నిగ్ధనే ఇచ్చింది," అన్నాడు చివరికి. "బాపూ ఇను, మంచిగుంటదని ఫోన్‌కు పంపింది."

"విన్నవా మరి?" అంది స్నిగ్ధ.

"ఇన్న బిడ్డా. పూర్తిగ ఇన్న. మంచిగనే ఉండె. కని పెండ్లికి పనికొస్తదా, రాదు. ఎవ్వడు డ్యాన్స్ చెయ్యలేడు. పుట్టినరోజుకు పనికొస్తదా, రాదు. పిలగాండ్లు నిద్రపోతరు. ఇగ మా దందాల మిగిలేది ఒక్కటే."

శ్రీశైలం ఆంప్లిఫయర్‌కు రెండు పెన్‌డ్రైవ్‌లు దారంతో కట్టి వేలాడుతుంటాయి. ఎర్రది పెళ్ళిళ్ళకు, నల్లది చావు ఇండ్లకు. ఎర్రదాంట్లో ఏది పెట్టినా ఊరు ఎగురుతుంది, నల్లదాంట్లో ఏది పెట్టినా ఊరు ఏడుస్తుంది. స్నిగ్ధ చిన్నప్పుడు ఆ రెండూ తాకితే చేతి మీద దెబ్బ పడేది, కలిసిపోతే కొంపలు మునుగుతాయని.

"నల్లదాంట్ల వేసినవా," అంది స్నిగ్ధ.

"వేసిన."

"నవనీతను. నల్లదాంట్ల."

"మస్తు పేరొచ్చింది బిడ్డా ఆమెకు. అందరు అడిగిండ్రు. మా టెంట్ హౌసోళ్ళ గ్రూప్‌ల గూడ లింకు పెట్టిన."

"అందరంటే ఎవరు?"

"భువనగిరోళ్ళు, సూర్యాపేటోళ్ళు, కోదాడోళ్ళు." శ్రీశైలం పళ్ళెం కడుక్కోవడానికి లేచాడు. "హుజూర్‌నగరోళ్ళు," అన్నాడు, గోడవైపు తిరిగి.

జానమ్మ భర్త పోయి ఇంకా ఏడాది తిరగలేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన దినాలకు ఏ పాట పెట్టి ఉంటారో ఇప్పుడు ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది.

"ఏమయ్యా, నిశ్చితార్థంల గదే పాట మొదలైనప్పుడు నీకు తెల్వదా? నోట్ల ఏం పెట్టుకున్నవ్?" అంది నిర్మలమ్మ.

"జిలేబి," అన్నాడు శ్రీశైలం నిజాయితీగా. "నేను వచ్చేవరకు రెండో చరణం నడుస్తాంది."

స్నిగ్ధ అప్పటికే నేల మీద కూర్చుండిపోయింది. ఆమె ఏడుపు వేరే. ఈ మధ్య ఆ పాట వినేవాళ్ళ లెక్క ఎక్కడో ఉన్నది ఎక్కడికో పోయింది. వింటున్నదంతా పాత నల్లగొండ జిల్లావాళ్ళే అని నవనీత చెప్తే స్నిగ్ధ ఎగిరి గంతేసింది, తను పంపిన లింకుల వల్లే అనుకుంది. నవనీతకు ఎంత పొడుగు మెసేజ్ పెట్టింది. అక్కా, మా నల్లగొండోళ్ళు నీ పాటకు పడి చస్తున్నరు, ఒక్కసారి వచ్చి నీ కండ్లతోని చూడు అని.

"ఆమె ఇయ్యాల వస్తాందమ్మా," అంది.

"ఎవరు?"

"నవనీత. సెలవు పెట్టుకోని వస్తాంది. నేనే రమ్మన్న. ఇప్పుడే బస్ దిగిందట."

నిర్మలమ్మ గరిటె వైపు చూసింది, పళ్ళాల వైపు చూసింది, భర్త వైపు చూసింది.

"ఆమెకు ఈ నల్ల పెన్‌డ్రైవ్ ముచ్చట ఎవ్వరు చెప్పకుండ్రి," అంది. "ఇంటికొచ్చిన ఆడపిల్ల. మంచిగ అన్నం పెట్టి పంపుదాం."

నవనీత సన్నగా, పొట్టిగా ఉంది. భుజాన గిటార్ సంచి ఆమె కంటే పెద్దగా కనపడుతోంది. చేతిలో జామకాయల కవర్. స్నిగ్ధ గేటు దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని వదలలేదు. ఆ కుర్చీ ఏ కుర్చీ, ఆ రైలు ఏ రైలు, పల్లవి చివర్న గొంతు కొంచెం పగులుతుందే అది కావాలనే చేశావా, జలుబు చేసిందా, అన్నీ ఒక్క ఊపిరిలో అడిగేసింది.

"ప్లాస్టిక్ కుర్చీ. కాచిగూడ రైలు. జలుబు," అంది నవనీత, వరసగా.

నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంటూ నవనీత సన్నగా ఏదో కూనిరాగం తీసింది. అంతే. పక్కింటి గోడ మీదికి పుష్పమ్మ తల లేచింది.

"నిర్మలా, గా గొంతెవరిది?"

"మా స్నిగ్ధ దోస్తు వదినా. నువ్వు నీ పని చూసుకో."

"ఆగు. ఆగు జర." పుష్పమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "బిడ్డా, గా మక్కకంకి పాట పాడేది నువ్వేనా?"

నవనీత ముఖం వెలిగింది. "నేనే అమ్మా. మీరు విన్నరా?"

"ఇనకేంది తల్లీ. మా అత్త పోయిన్నాడు పొద్దంత గదే పాట. ఎంత ఏడిపిచ్చినవ్ బిడ్డా, నీ కడుపు సల్లగుండ. మా ఆడిబిడ్డ ఉన్నది చూడు, అత్త బతికున్నప్పుడు గ్లాసు మంచినీళ్ళు ఇయ్యలే, అది గూడ ఏడ్చింది. ఇప్పుడు మోత్కూర్ల ఎవరు పోయినా నువ్వు లేంది పాడె లేవదు."

నల్లా నీళ్ళు పోతూనే ఉన్నాయి. నిర్మలమ్మ వచ్చి కట్టేసింది. స్నిగ్ధకు భూమిలోకి పోదామనిపించింది. శ్రీశైలం నిజంగానే టెంట్ల గోదాంలోకి పోయాడు.

నవనీత తడికాళ్ళతో అరుగు మీద కూర్చుంది.

"అక్కా, నాకు ఇయ్యాల్నే తెలిసింది. ఒట్టు," అంది స్నిగ్ధ. "మా బాపు చేసిన పని. నేను గ్రూప్‌లన్నిటికి చెప్పి తీపిచ్చేస్త. నీ పాటను గిట్ల ఖరాబు చేసిండ్రు."

"ఏ చరణం కాడ ఏడ్చిండ్రు?" అంది నవనీత.

"ఆ?"

"అందరు ఏ చరణం కాడ ఏడుస్తున్నరు?"

"రెండో దాని కాడ," అంది పుష్పమ్మ గోడ మీద నుంచి. "కంకి సంచిల పెట్టుకున్న అంటవు చూడు, గాడ."

నవనీత తల ఊపింది, ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నదానికి జవాబు దొరికినట్టు. స్నిగ్ధ దగ్గరికి జరిగి గుసగుసగా అడిగింది. "అంటే నువ్వు చావు మీదనే రాసినవా అక్కా?"

"లే. ఆకలి మీద రాసిన. రెండో షిఫ్టుల క్యాంటీన్ బందయింది. మస్తు ఆకలైతుండె. మక్కకంకి యాదికొచ్చింది. పిలగాడు తరువాత వచ్చిండు, పాట పొడుగు చాలక." ఆమె జామకాయ ఒకటి తీసి కొరికింది. "ఇన్ని రోజులు నా హాస్టల్ పిల్లలు తప్ప ఎవ్వరు వినలే. వాళ్ళు గూడ కావాల్నని వినలే, రూము ఒకటే గదా."

అప్పుడే సుచరిత లోపల్నుంచి ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, సైదులు వస్తుండు. వాళ్ళ నాయనమ్మ పొద్దుగాలనే పోయి కార్ల కూసుందట, మోత్కూర్ తోల్కపోకుంటే దిగ అన్నదట. వాళ్ళమ్మకు తెలిసి ఎనుక వేరే బండ్ల వస్తాందట, ఆపనీకి."

"పండ్లు వాపస్ తీస్కపోనీకే," అంది నిర్మలమ్మ. వెంటనే పళ్ళాల దగ్గర కూర్చుని యాపిల్ కింద ద్రాక్షపండు వెతకడం మొదలుపెట్టింది.

జానమ్మ కారు దిగి, సైదులు అందించిన చెయ్యి పక్కకు నెట్టి, నేరుగా హాల్లోకి వచ్చి కూర్చుంది. సైదులు సుచరితను చూశాడు, సుచరిత నేలను చూసింది, నిర్మలమ్మ ఇద్దరినీ చూసింది. జానమ్మ పళ్ళాలను చూసింది.

"గీ పండ్లు గిట్లనే ఉన్నయేంది? ఎవ్వరు తినలేదా?"

"మీరేమంటరో అని," అంది నిర్మలమ్మ.

"పండ్లు తినమంటం గాని ఇంకేమంటం." జానమ్మ నల్లబడ్డ అరటిపండు ఒకటి తెంపి ఒలిచింది.

"నా ఏడుపు గురించి మా కోడలు ఏదో అన్నదంట గదా," అంది తొక్క పక్కన పెట్టి. "ఇనుండ్రి మరి. మా ముసలోడు పోయిన్నాడు నాకు ఏడుపు రాలే. ఎంత తన్లాడినా రాలే. అందరు వచ్చి నా ముఖం చూసుడు, గుసగుస పెట్టుకునుడు. ముసలిదాని గుండె రాయి అని మా కోమల అన్నది. నేను గూడ అట్లనే అనుకున్న. దినాలనాడు మైకుల ఈ పాట వచ్చింది. సగం తిన్న కంకి సంచిల పెట్టుకున్న అనంగనే నా పానం ఆగలే."

"ఎందుకవ్వా?" అంది స్నిగ్ధ.

"గా మనిషి అంగడి నుంచి నాకోసం కాల్చిన కంకి తెచ్చెటోడు బిడ్డా. దారి పొడుగున సగం తినెటోడు. సగం ఏదయ్యా అంటే, కాలిందో లేదో చూసిన అనెటోడు. నా బతుకుల ఒక్క నిండు కంకి ఇయ్యలే." జానమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మొన్న మా పోరని పక్కకు మీ పిల్ల పూలల్ల నడిచి వస్తుంటే మళ్ళ గదే పాట. ముసలోడు సగం కంకి పట్టుకోని పెండ్లికి వచ్చినట్టే అయింది. సంబురానికి ఏడ్చిన."

"గా మాట మీ కోడలికి చెప్పలేదా?" అంది నిర్మలమ్మ.

"చెప్పనిస్తే గదా. నన్ను కార్ల ఏసుకోని పోయిండ్రు. బిర్యాని గూడ దక్కలే."

నిర్మలమ్మ ముఖంలోకి అన్ని రోజుల తర్వాత రక్తం వచ్చింది. కానీ జానమ్మ చెయ్యి ఎత్తింది.

"నాది ఒక్కటే మాట. పెండ్లిల గీ పాట ఉండాలె. లేకుంటే నేను రాను."

సైదులు గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మది గూడ ఒక్కటే మాట. ఆ పాట వినపడితే తను రాదట."

అందరూ సుచరిత వైపు తిరిగారు.

"ఎవరు రాకున్నా నేనైతే వస్త," అంది సుచరిత, తల ఎత్తకుండానే. సైదులు నవ్వు దాచుకోవడానికి గోడ గడియారం చూశాడు.

అంతవరకూ గుమ్మం దగ్గర నిలబడి ఉన్న నవనీతను స్నిగ్ధ ముందుకు లాగింది. "అవ్వా, పాట పాడేది ఈమెనే."

జానమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "గింత పిల్లనా. పాడు బిడ్డా. ఎదురుంగ కూసోని ఇంట."

అందరూ వాకిట్లోకి వచ్చారు. నవనీత అరుగు మీద కూర్చుని గిటార్ తీగెలు సరిచేసుకుంటుంటే గోదాంలోంచి శ్రీశైలం పరుగెత్తుకొచ్చాడు, ఒక చేతిలో మైకు, ఒక చేతిలో వైరు. అన్ని రోజులుగా ఇంట్లో అతనికి చెయ్యడానికి ఏమీ లేకపోయింది, ఇప్పుడు దొరికింది.

"బాపూ, మైకొద్దు," అంది స్నిగ్ధ. "ఆమె పాట మైకు లేకుండనే..."

"పెద్దామెకు ఇనపడాలె గదా బిడ్డా. జర ఎకో పెడుత, మంచిగుంటది."

స్నిగ్ధ వైరు అందుకునేలోపే బాక్సు బుస్సుమంది. నవనీత ఊపిరి పీల్చుకుంది, ఆ ఊపిరి బజారు చివర్న ఆంజనేయస్వామి గుడిదాకా వినపడింది.

"మక్కకంకి కాల్చినా, మాడకుండ కాల్చినా,
వానొచ్చే లోపల నువ్వొస్తవని కాల్చినా..."

స్నిగ్ధ కోపం పల్లవి దాటలేదు. ఎకో ఉంది, కుర్చీ లేదు, రైలు లేదు, అయినా గొంతు అదే, పక్కన కూర్చుని మాట్లాడినట్టు. నిర్మలమ్మ గరిటె ఒళ్ళో పెట్టుకుని అరుగు కింద కూర్చుంది. మొదటి చరణం సగంలో ఉండగా గేటు దగ్గర ఎవరో చెప్పులు విడిచారు. తర్వాత ఇంకెవరో.

బజారు బజారంతా వస్తోంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, మగవాళ్ళు భుజాల మీద తువ్వాళ్ళు సర్దుకుని. పూలకొట్టు మనిషి చేతిలో బంతిపూల దండ, పెద్దది.

"ఎవ్వరు పోలే, ఎవ్వరు పోలే," అని పుష్పమ్మ గేటుకు అడ్డం నిలబడి అందరికీ చెబుతోంది. కానీ చెబుతూ బొటబొటా ఏడుస్తోంది, అందుకని ఎవరూ నమ్మడం లేదు.

"శ్రీశైలమన్న మంచిగనే ఉండె గదా మొన్నటిదాక," అంటున్నారెవరో. పూలకొట్టు మనిషి జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చి, మైకు పట్టుకుని నిలబడ్డ శ్రీశైలాన్ని చూసి, దండను వీపు వెనక్కి దాచుకున్నాడు.

అప్పుడే బజారు మొదట్లో ఇంకో కారు ఆగింది. లోపలికి రావడానికి దారి లేదు. కోమల దిగి, జనాన్ని చూసింది, తువ్వాళ్ళు చూసింది, దండ చూసింది. ఆ పాట వింది. గబగబా జనాన్ని తోసుకుంటూ గేటు దాకా వచ్చేసరికి ఆమె ముఖంలో కోపం ఎక్కడో జారిపోయి, చెమటలు పట్టాయి.

"అత్తమ్మా," అంది. "మా అత్తమ్మ యాడ?"

జనం పక్కకు జరిగారు. వాకిలి మధ్యలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఇంకో అరటిపండు పెట్టుకుని జానమ్మ కూర్చుని ఉంది. కోమల ఆమెను చూసింది. గేటు పట్టుకుంది. నోట్లోంచి వచ్చింది ఊపిరో, ఏడుపో, కోపమో, దగ్గరగా ఉన్న స్నిగ్ధకు కూడా తెలియలేదు.

సుచరిత లేచి నిలబడింది. సైదులు ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. నవనీత తీగె మీద వేలు ఆపింది.

"ఆపకు బిడ్డా," అంది జానమ్మ, నవనీతతో. తర్వాత కోడలి వైపు తిరిగి, తన పక్కన ఖాళీ కుర్చీ చూపించింది. "నేను పోలే. వచ్చి కూసో. రెండో చరణం వస్తాంది."

నవనీత ఊపిరి పీల్చుకుంది. బజారంతా వినపడింది.

"సగం నువ్వు తిన్న కంకి సంచిల పెట్టుకున్న,
సల్లారిపాయె గాని కమ్మదనం పోకపాయె..."

కోమల కుడికాలు గేటు లోపల ఉంది. ఎడమకాలు ఇంకా బయటే ఉంది.